ఏడో మంచం కూర్మయ్య

డాక్టర్ నిరంజన్‌కు డెలీరియం గురించి తెలియని సంగతి లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

గుండె ఆపరేషన్ అయిన ముసలివాళ్ళకు రెండోరోజో మూడోరోజో ఉన్నట్టుండి మతి తప్పుతుంది. ఎక్కడున్నారో తెలీదు. అయినవాళ్ళను గుర్తుపట్టరు. లేనివి కనిపిస్తాయి, ఉన్నవి కనిపించవు. మన పెద్దవాళ్ళు దాన్ని సంధి పుట్టిందనేవారు. ఆసుపత్రిలో డెలీరియం అంటారు. నిరంజన్ ఢిల్లీలో మూడేళ్ళు దానిమీదే పనిచేసి వచ్చాడు. విశాఖలోని ఒక గుండె ఆసుపత్రిలో చేరిన నెలలోపే దాని గురించి నాలుగు పేజీల పద్ధతి రాసి, రంగుల్లో అచ్చువేయించి, ఐసీయూ గోడకు అంటించాడు. ఏ పూట ఏ ప్రశ్న అడగాలి, ఎన్ని తప్పులు చెబితే ఏ మందు, ఎంత మోతాదు, అన్నీ అందులో ఉన్నాయి.

ఆ పేజీల కిందే, ఏడో మంచం మీద, కూర్మయ్య చేతులు మంచం కడ్డీలకు కట్టేసి ఉన్నాయి.

కూర్మయ్యకు డెబ్బైనాలుగేళ్ళు. శ్రీకాకుళం వైపు మనిషి. ముప్పైనాలుగేళ్ళు రైల్వేలో గేట్‌మ్యాన్‌గా పనిచేసి దిగిపోయాడు. గుండెకు మూడుచోట్ల బైపాస్ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మొదటిరోజు నర్సులందరికీ దణ్ణాలు పెట్టాడు. మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడ్డాడు. రెండోరోజు, సోమవారం పొద్దెక్కేసరికి మనిషి మారిపోయాడు. గేటు తీసి ఉందనీ, బండి వచ్చేస్తోందనీ అరుస్తూ మంచం దిగబోయాడు. ఛాతీలో పెట్టిన గొట్టం లాగేసుకోబోయాడు. పట్టుకోబోయిన సిస్టర్ నూకరత్నం ముంజేతిని కరిచేశాడు.

నూకరత్నం ఆ ఐసీయూకు పెద్ద సిస్టర్. ఇరవైరెండేళ్ళ సర్వీసు. చేతికి కట్టు కట్టుకుని వచ్చి మళ్ళీ అదే మంచం పక్కన నిలబడింది.

నిరంజన్ తన పేజీల్లో ఉన్నదంతా చేశాడు. రాయి నీళ్ళమీద తేలుతుందా అని అడిగాడు. "రాముడు ఏస్తే తేలతాది," అన్నాడు కూర్మయ్య. తప్పు అని రాసుకున్నాడు. ఇది ఆసుపత్రి, మీకు ఆపరేషన్ అయింది, ఇక్కడ గేటూ లేదు, బండీ లేదు అని పదిసార్లు చెప్పాడు. చెప్పినకొద్దీ ముసలాయన కళ్ళలో భయం పెరిగింది. బండి వచ్చేస్తుంటే గేటే లేదనేవాణ్ణి ఏ గేట్‌మ్యాన్ నమ్ముతాడు? ఇంజెక్షన్ ఇచ్చాడు. గంటసేపు మగతగా పడి ఉండి, లేచి మళ్ళీ గేటన్నాడు. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాడు. చేతులు కట్టించాడు. లాక్కుని లాక్కుని ముసలాయన మణికట్లు కమిలిపోయాయి.

చివరికి, మనసొప్పకపోయినా, సన్యాసిరావు మాస్టారికి కబురుపెట్టాడు.

సన్యాసిరావు మత్తు డాక్టరు. డెబ్బై దాటాయి. ఉద్యోగం నుంచి దిగిపోయినా రోజూ వస్తారు. ఆపరేషన్ బల్లమీద మనిషిని పడుకోబెట్టడం, తర్వాత లేపి నిలబెట్టడం ఆ ఆసుపత్రిలో ఎవరు నేర్చుకున్నా ఆయన దగ్గరే నేర్చుకున్నారు. అందుకే ఆయన్ని ఎవరూ సార్ అనరు, మాస్టారంటారు. ఆయన తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్. పట్టాల మీద ఎండలో పనిచేసే తండ్రికి అన్నం క్యారేజీ మోసుకెళ్ళి, ఆ దారిలోనే పాఠాలు వల్లెవేసి డాక్టరయ్యారు. వెనకటికి ఒక పెద్ద ఆసుపత్రిలో ఆయాలకూ స్వీపర్లకూ టీకి వేరే గ్లాసులు పెట్టారని గొడవపడి, మంచి ఉద్యోగాన్ని వాళ్ళ మొహాన కొట్టి వచ్చేశారని చెప్పుకుంటారు. నోరు మాత్రం మంచిది కాదు.

నిరంజన్ ఆయనకు ఆఖరి శిష్యుడు. ఢిల్లీ చదువు చదివినా సరే, మాస్టారి కింద ఏడాది పనిచేసి ఆయన సరేనన్నాకే ఐసీయూ అప్పగిస్తానని పెద్ద సర్జన్ తేల్చి చెప్పాడు. ఎనిమిది నెలలు గడిచాయి. మాస్టారు ఇంతవరకు ఒక్కసారి కూడా సరే అనలేదు.

మాస్టారు వచ్చారు. గోడమీది పేజీల వైపు చూడలేదు. కూర్మయ్య దుప్పటి పైకెత్తి చూశారు. పొత్తికడుపు మీద చెయ్యివేసి నొక్కారు. ముసలాయన మూలిగాడు. పెనుగులాటలో మూత్రం గొట్టం తొడకింద పడి, మడతపడి, నలిగిపోయి ఉంది. దాన్ని వేళ్ళతో సరిచేశారు. సంచీలోకి బుడబుడా దిగింది.

"నాలుగు పేజీలు రాశావు. ఉచ్చగొట్టం మడతపడితే చూసుకోలేకపోయావా?" అన్నారు.

నర్సులు మొహాలు తిప్పుకున్నారు.

మాస్టారు కట్లు విప్పించారు. కళ్ళజోడేదని అడిగారు. ఆపరేషన్‌కు ముందు తీసి ఇంటివాళ్ళకు ఇచ్చేశామని నర్సులు చెప్పారు. బయట బల్లమీద కూర్చున్న కూర్మయ్య భార్య సూరమ్మ దగ్గర్నుంచి దాన్ని తెప్పించి, తన చొక్కా అంచుతో తుడిచి, ముసలాయన ముక్కుమీద పెట్టారు. అప్పుడు ఆయన మొహానికి ఎదురుగా వంగి అడిగారు.

"ఏ బండి?"

ఆ రోజుకు మొదటిసారి కూర్మయ్య ఒకరి కళ్ళలోకి చూశాడు.

"నాలుగున్నర పాసింజరు."

మాస్టారు గోడగడియారం చూశారు. నాలుగూ ఇరవై అయింది. నెమ్మదిగా నడిచివెళ్ళి ఐసీయూ పెద్దతలుపుల రెండు రెక్కలూ దగ్గరికి లాగి, చప్పుడు వినబడేలా గడియపెట్టారు. తిరిగి వచ్చారు.

"గేటు పడింది. నెంబరు చెప్పు."

గేటు పడిందని ఊరికే నోటిమాటగా అంటే రైల్వేలో చెల్లదు. బండి వస్తోందని స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తాడు. గేట్‌మ్యాన్ గేటువేసి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నెంబరు చెబుతాడు. స్టేషన్ మాస్టరు దాన్ని తిరిగి పలికి, పుస్తకంలో రాసుకుంటాడు. బండికి దారి ఇచ్చేది ఆ తర్వాతే. గ్యాంగ్‌మ్యాన్ కొడుక్కి ఆ సంగతి తెలుసు. ఢిల్లీలో చదివిన డాక్టరుకు తెలీదు.

"నలభై ఏడు," అన్నాడు కూర్మయ్య.

"నలభై ఏడు," అని తిరిగి చెప్పి మాస్టారు కేసు కాగితం మీద రాశారు.

కూర్మయ్య పొడుగ్గా ఊపిరి వదిలి వెనక్కి వాలాడు. నాలుగున్నర దాకా గడియారం వైపే చూశాడు. నాలుగున్నర దాటింది. ఇంకో పావుగంటకు నిద్రపోయాడు.

మాస్టారు ఆ సాయంత్రమే దగ్గరివాళ్ళెవరో పోయారని పలాస వెళ్ళారు. నిరంజన్ ఇంటికి వెళ్ళేదారి పొడుగునా గేటు సంగతే తలుచుకున్నాడు. గడియ పెట్టిన తీరూ, నెంబరు అడిగిన తీరూ తలుచుకున్నాడు. మూత్రం గొట్టం మాత్రం తలపుకు రాలేదు. తనకు తిట్లు తెచ్చినదాన్ని మనిషి ముందుగా మర్చిపోతాడు, చప్పట్లు తెచ్చేదాన్ని దాచుకుంటాడు.

మంగళవారం పొద్దున పదింటికి ఆరుగురు వైద్య విద్యార్థులు నిరంజన్ వెంట ఐసీయూకి వచ్చారు. తలుపు బయటే నిలబెట్టి వాళ్ళకు కథంతా చెప్పాడు. చెప్పడంలో మాస్టారి పాత్ర కొంచెం తగ్గింది, తన పాత్ర కొంచెం పెరిగింది. మతి తప్పిన మనిషిని మన లోకంలోకి లాగకూడదు, మనమే అతని లోకంలోకి వెళ్ళాలన్నాడు. విద్యార్థులు నోట్సు రాసుకున్నారు. ఎలా వెళ్ళాలో ఇప్పుడు చూపిస్తానన్నాడు.

కూర్మయ్య కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాడు. నిరంజన్‌ను చూసి నూకరత్నం గబగబా ఎదురొచ్చింది. "డాక్టరుగారూ, ఈయన పొద్దున్నించీ..." అంటూ ఏదో చెప్పబోయింది. నిరంజన్ చెయ్యెత్తి ఆపాడు. విద్యార్థులవైపు చూసి కన్నుగీటి, వెళ్ళి పెద్దతలుపులు రెండూ దగ్గరికి లాగాడు. గడియ చప్పుడు మాస్టారికంటే గట్టిగానే వచ్చింది.

"గేటు పడింది కూర్మయ్య గారూ. నెంబరు చెప్పండి."

కూర్మయ్య కళ్ళు తెరిచాడు. మూసిన తలుపులు చూశాడు. డాక్టరును చూశాడు. మంచం చుట్టూ నిలబడి, నవ్వు ఆపుకుంటున్న ఆరుగురు పిల్లల్ని ఒక్కొక్కరినే చూశాడు.

"ఇది ఆస్పత్రి కదా బాబూ," అన్నాడు.

వెనక ఎవరో అమ్మాయి కిసుక్కుమంది. గేటు సంగతి ఎందుకొచ్చిందని ముసలాయన అడిగాడు. నిరంజన్ కేసు కాగితం తిరగేయసాగాడు. పక్కనున్న కుర్రాడు సాయం చేస్తున్నాననుకుని చెప్పేశాడు. నిన్నంతా మీరు గేటు గేటని అరిచారు తాతా, సిస్టర్ చెయ్యి కూడా కొరికేశారు అన్నాడు.

కూర్మయ్య నూకరత్నం చేతివైపు చూశాడు. ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇందాక నిరంజన్ ఆపినప్పుడు ఆమె చెప్పబోయింది ఇదే. పొద్దున ఆరింటికి ముసలాయన పూర్తి మతితో లేచాడు. ఆమెకు దణ్ణం పెట్టాడు. సూరమ్మ కాఫీ తాగిందా అని కనుక్కున్నాడు. చేతికి ఆ కట్టేమిటమ్మా అని అడిగితే వేణ్ణీళ్ళు పడ్డాయని నూకరత్నం అబద్ధం చెప్పింది. నాలుగు గంటలపాటు ఆ అబద్ధాన్ని కాపలాకాసింది.

కూర్మయ్య కళ్ళజోడు తీసి పక్కనున్న బల్లమీద పెట్టాడు. నెమ్మదిగా, ఛాతీ కుట్లను అరచేత్తో అదిమిపట్టుకుని, గోడవైపు తిరిగిపోయాడు.

ఆ తిరగడం తిరగడమే. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రం గంజీ ముట్టలేదు. గుండె కోసిన మనిషి దగ్గాలి, ఊపిరి లోతుగా పీల్చాలి, లేచి నాలుగడుగులు వెయ్యాలి. లేకపోతే ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుని, బాగైన గుండె బాగైనట్టే ఉండగా మనిషి పోతాడు. మూడు బంతులుండే ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, గొట్టంలోంచి గాలి పీల్చి బంతుల్ని లేపమంటే కూర్మయ్య దాన్ని దుప్పటిమీదే వదిలేశాడు. లేవమంటే లేవలేదు. బుధవారం సాయంత్రానికి జ్వరం వచ్చింది. ఎక్స్‌రేలో ఎడమవైపు అడుగుభాగం తెల్లబడింది.

సూరమ్మ చెంచాతో గంజి పట్టుకుని గంటసేపు నిలబడింది. ఆమెవైపూ తిరగలేదు. బయటికి వచ్చి నిరంజన్‌ను పట్టుకుంది.

"ఇంటికి తీసుకుపోమంటన్నాడు బాబూ. దార్లో పోయినా పర్లేదంటన్నాడు. ఈ మడిసికి ఏటైనాది? ఎవులైనా ఏటైనా అన్నారా?"

ఆపరేషన్ తర్వాత నీరసం ఉంటుందని చెప్పాడు నిరంజన్. ఆమె నమ్మింది. చదువుకున్న బాబు చెప్పాడు కదా అని తలూపి, గంజి గిన్నెమీద మూతపెట్టుకుని వెళ్ళి బల్లమీద కూర్చుంది. ఆ అబద్ధానికి ఆమె దణ్ణం పెట్టి మరీ వెళ్ళడం నిరంజన్‌కు చెంపదెబ్బలా తగిలింది.

అతను తిరిగి లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడి మాట్లాడాడు. చాలా బాగా మాట్లాడాడు. ఇలాంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళలో చాలామందికి ఇది వస్తుందన్నాడు. జ్వరం వస్తే ఒళ్ళు కాలినట్టే, మెదడు నలిగితే మతి తప్పుతుందన్నాడు. చేసింది జబ్బు, మీరు కాదన్నాడు.

కూర్మయ్య గోడవైపు నుంచే అడిగాడు.

"నాను కరిసినానా, లేదా బాబూ?"

"కరిచారు. కానీ అది..."

"మరింకేటి."

ఆ తర్వాత ఆయన చెప్పింది నాలుగు ముక్కలే. తాగొచ్చిన లారీవాళ్ళు గేటు తియ్యమని తల్లిని ఎత్తి తిట్టినా ముప్పైనాలుగేళ్ళలో ఒకడిమీద చెయ్యెత్తలేదట. ఒళ్ళు తుడిచి, నోట్లో నీళ్ళుపోసిన ఆడకూతుర్ని కరిచాడట. జబ్బో, దెయ్యమో, ఆ నోరు మాత్రం తనదేనట. దాంతో ఇంక అన్నం తినలేడట.

గోడమీది నాలుగు పేజీల్లో దీని గురించి ఒక్క ముక్కా లేదు.

గురువారం పొద్దున మాస్టారు పలాస నుంచి వచ్చారు. ఆపరేషన్ థియేటర్ పక్కనున్న చిన్నగదిలో టీ తాగుతున్నారు. నిరంజన్ వెళ్ళి జ్వరం సంగతి, ఎక్స్‌రే సంగతి చెప్పాడు. తిండి మానేశాడు, మాట మానేశాడు, ఇది డిప్రెషన్, మందు మొదలుపెడదామా అని అడిగాడు. అదే సమయానికి నూకరత్నం ఏవో కాగితాలమీద సంతకాలకు వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"సోమవారం హాయిగా పడుకున్నవాడు మంగళవారం గోడకెందుకు తిరిగాడు?" అన్నారు మాస్టారు.

నిరంజన్ నూకరత్నం వైపు చూశాడు. ఆమె కాగితాలవైపు చూస్తోంది. ఆమెకంతా తెలుసు. ఒక్కమాట అంటే చాలు, అతను ఆ పూటతో అయిపోయినట్టే. ఆమె అనలేదు. మంగళవారం పొద్దున్నించీ ఎవరితోనూ అనలేదు. తను చెయ్యెత్తి ఆపిన మనిషి తన పరువు కాపాడుతోందని అతనికి అప్పుడు తెలిసింది. తల నేలకు వాలిపోయింది.

అప్పుడు చెప్పాడు. ఆరుగురు విద్యార్థుల సంగతి, తలుపు బయట చెప్పిన కథ, కన్నుగీటడం, గడియ, కిసుక్కుమన్న అమ్మాయి, సూరమ్మతో ఆడిన అబద్ధం, ఒక్కటీ దాచుకోకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ చూపు టీ గ్లాసు మీదే ఉంది. మాస్టారు తిడతారని ఎదురుచూశాడు. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సగం తాగిన టీ పక్కనపెట్టి లేచారు.

"ఆ పిల్లలందర్నీ పిలు."

"మాస్టారూ, వాళ్ళముందు వద్దు. నన్నేమన్నా ఇక్కడే అనండి."

"నీ గురించి కాదురా," అన్నారు మాస్టారు. "పిలు."

ఆరుగురూ వచ్చి ఏడో మంచం చుట్టూ నిలబడ్డారు. మంగళవారం నిలబడ్డచోటే నిలబడ్డారు, ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. కూర్మయ్య వీపు వాళ్ళవైపు ఉంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. మాస్టారు స్టూలు లాక్కుని ఆ వీపుకు దగ్గరగా కూర్చున్నారు.

"రత్నం, తొమ్మిదేళ్ళ కిందటి సంగతి చెప్పు. మూడో మంచం."

నూకరత్నం ఉలిక్కిపడింది. ఇప్పుడెందుకండీ అంది.

"చెప్పు."

ఆమె మాస్టారిని చూసింది, గోడకు తిరిగిన ముసలాయన్ని చూసింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

తొమ్మిదేళ్ళ కిందట మాస్టారికి ఇదే ఆసుపత్రిలో బైపాస్ అయిందని అందరికీ తెలుసు. మూడోరోజు ఏం జరిగిందో మాత్రం, పెద్ద సర్జన్ కాక, అప్పుడు డ్యూటీలో ఉన్న నలుగురు సిస్టర్లకే తెలుసు. వాళ్ళలో ముగ్గురు ఉద్యోగాలు మారి వెళ్ళిపోయారు. ఈమె ఒక్కతే మిగిలింది. మాస్టారు సెలైన్‌లో విషం కలుపుతున్నారని అరిచారట. ఉచ్చపాత్ర ఎత్తి విసిరికొట్టారట, అది తగిలి పక్కమంచం ఆయన దుప్పటంతా తడిసిందట. ఒంటిమీద గుడ్డ పీకి పారేసి వార్డు మధ్యలో నిలబడ్డారట. పెద్ద సర్జన్ పరుగెత్తుకొస్తే, నువ్వు డాక్టరువా, చేపలు కోసేవాడివా అన్నారట.

విద్యార్థులకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఏ మాటకూ తగ్గని మాస్టారు, పరీక్ష తప్పిన పిల్లాడు మార్కులు వింటున్నట్టు తలవంచుకుని వింటున్నారు. ఆమె ఆగింది.

"ఇంకా ఉంది," అన్నారు మాస్టారు.

"అది వద్దండి."

"చెప్పు రత్నం."

"నా నోటితో చెప్పను. మీరు ఉద్యోగంలోంచి తీసేయించినా చెప్పను."

మాస్టారు తల ఎత్తకుండానే చెప్పారు.

"ఈవిడ మంచినీళ్ళు తెస్తే, కులం పేరు పెట్టి తిట్టాను. నీ చేత్తో తాగను పొమ్మన్నాను."

నిరంజన్‌కు ఆ టీ గ్లాసుల గొడవ గుర్తొచ్చింది. గ్లాసుల కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి ఈయన. ఏ మాటమీద జన్మంతా కొట్లాడారో, ఆ మాటే ఈయన నోట్లోంచి వచ్చింది. దాన్ని తొమ్మిదేళ్ళు కడుపులో పెట్టుకుని తిరిగారు.

మంచం కిర్రుమంది. కూర్మయ్య కుట్లు అదిమిపట్టుకుని, అంగుళం అంగుళంగా ఇటు తిరిగాడు. బల్లమీద తడుముకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. మాస్టారి మొహం చూశాడు.

"మీరా బాబూ?"

"నేనే."

"తరవాతేటి సేసినారు?"

"మంచంమీద ఉన్నన్నాళ్ళూ ఈవిడ మొహం చూళ్ళేదు. ఇంటికెళ్ళాక రెండు నెలలు ఇటువైపు రాలేదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను."

"మరెలాగొచ్చినారు?"

మాస్టారి బదులు నూకరత్నం అందుకుంది.

"నేనే వాళ్ళింటికి పోయాను తాతా. తిట్టింది మీరు, సెలవు కూడా మీకేనా అని అడిగాను. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడుతున్నారు, ఎండలో పడి వచ్చాను, కాసిన్ని మంచినీళ్ళివ్వండి అన్నాను. చెంబుతో ఆయనే తెచ్చారు. సగం నా చీరమీదే ఒలకబోశారు. మర్నాడు డ్యూటీకి వచ్చేశారు."

కూర్మయ్య ఆమె చేతికట్టు వైపు చూశాడు. ఈసారి ఆమె దాచుకోలేదు.

"వేణ్ణీళ్ళని అబద్దమాడినావు."

"ఆడాను."

"నొప్పిగుందా అమ్మా?"

"నోట్లో నాలుగు పళ్ళే మిగిలాయి కాబట్టి సరిపోయింది తాతా. ముప్పైరెండూ ఉంటే మీ పక్కమంచం నాకే వేయించాల్సొచ్చేది."

కూర్మయ్య నవ్వలేదు. ఆమె చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, ఆ కట్టును నుదుటికి ఆనించుకున్నాడు. నూకరత్నం చెయ్యి లాక్కోలేదు. ఎంతసేపు ఆనించుకుంటే అంతసేపూ ఇచ్చింది. తర్వాత రెండో చేత్తో కళ్ళు తుడుచుకుని, గంజి చల్లారిపోతోందని కసిరింది. సూరమ్మను లోపలికి పిలిపించింది. కూర్మయ్య నోరు తెరిచాడు. సూరమ్మ గంజి ఒలక్కుండా చెంచా అందించింది.

మాస్టారు స్టూలుమీంచి లేచారు. నిరంజన్‌ను ఏమీ అడగలేదు, అతనివైపు చూడను కూడా లేదు. అతను అప్పుడు బయటికి వెళ్ళిపోయినా పట్టుకునేవాళ్ళు లేరు. విద్యార్థులు కదలబోయారు. ఉండమన్నాడు. మంచం దగ్గరికి వెళ్ళాడు.

"కూర్మయ్య గారూ, మొన్న మీకు మతి ఉందో లేదో చూసుకోకుండా ఆ తలుపులు వేశాను. సిస్టర్ చెప్పబోతే ఆపాను. వీళ్ళముందు గొప్పకోసం వేశాను."

సూరమ్మ చెంచా గాలిలో ఆగిపోయింది. ఆమె చూపు ఎదుర్కోవడమే అతనికి అన్నిటికంటే కష్టమైంది. "నీరసమని మీతో అబద్ధం చెప్పానమ్మా," అన్నాడు. ఆమె చెంచా కూర్మయ్య నోటికి అందించింది.

కూర్మయ్య నోట్లో గంజి మింగాడు.

"గేటు ఏసేముందు రెండుపక్కలా సూసుకోవాల బాబూ. మజ్జిలో ఎవులైనా ఉంటారు," అన్నాడు. ఇంకో చెంచాకు నోరు తెరిచాడు.

ఆ సాయంత్రం మూడు బంతుల్లో ఒకటి లేచింది. శుక్రవారం రెండు లేచాయి. దగ్గు వచ్చింది, కఫం వచ్చింది, దాంతోపాటు కూర్మయ్య నోట గవర్నమెంటును తిట్టే మాటలు కూడా వచ్చాయి. జ్వరం దిగింది. ఆదివారానికి నిరంజన్ భుజంమీద చెయ్యివేసి వరండా ఆ చివరిదాకా నడిచాడు. మధ్యాహ్నాల్లో ఒకటి రెండుసార్లు మళ్ళీ చూపు చెదిరింది. ఆ పూటల్లో నిరంజన్ ముందు నూకరత్నాన్ని అడిగాడు, తర్వాత దుప్పటి ఎత్తి చూశాడు, ఆ తర్వాత ఏం మాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు.

పన్నెండోరోజు కూర్మయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. ఆటో ఎక్కుతూ నూకరత్నాన్ని తన మనవరాలి పెళ్ళికి పిలిచాడు. పెళ్ళికొడుకు ఇంకా దొరకలేదని సూరమ్మ గుర్తుచేసింది. దొరికాక రమ్మన్నాడు.

వాళ్ళను పంపి వచ్చాక మాస్టారు, నిరంజన్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. చాలారోజులుగా అడగాలనుకున్నది నిరంజన్ అప్పుడు అడిగాడు.

"మాస్టారూ, డెలీరియం మీద ఈ ఎనిమిది నెలల్లో మీరు నాకు ఎన్నో సంగతులు చెప్పారు. ముప్పైయేళ్ళ కేసులు పేరుపేరునా చెప్పారు. నాకంటే ముందువాళ్ళకూ చెప్పారట. ఈ ఒక్కటి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

మాస్టారు సబ్బు మళ్ళీ తీసుకున్నారు. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్ల దాకా రుద్దుకున్నారు. చాలాసేపు కడుక్కుని కుళాయి కట్టేశారు.

"సిగ్గేసిందిరా," అన్నారు.